మూడో పీరియడ్ గాలి

రోజు 1, సోమవారం

మధ్యవర్తి అయినవాడు దినచర్య రాయాలట. జరిగింది మాత్రమే రాయాలట, సొంత అభిప్రాయం ఒక్క ముక్క కూడా ఉండకూడదట. నిబంధనావళి పదకొండో పేజీలో ఉంది. నన్ను అభిప్రాయం లేకుండా రాయమనడం పొయ్యిని వేడి లేకుండా మండమన్నట్టుంది. ప్రయత్నిస్తాను.

నా పేరు గుర్రం కృపాదానం. మంచుగుంట కాలనీలో గాలి గొట్టాలు శుభ్రం చేస్తాను, ఆదివారం ప్రసంగం చేస్తాను. ఏ బడికీ వెళ్ళలేదు. గొట్టాల మీద అంటించిన చీటీలు చూసి అక్షరాలు, పరిశుద్ధ గ్రంథం చూసి మాటలు నేర్చుకున్నాను. గ్రంథం ఎప్పుడూ చంకలోనే ఉంటుంది, గొట్టంలోకి దూరేటప్పుడు కూడా.

మధ్యవర్తిని ఎన్నుకునే పద్ధతి ఇలా ఉంది. ఏడు పేర్ల జాబితా పెడతారు. టీచర్లొక పేరు కొట్టేస్తారు, యాజమాన్యం ఒక పేరు కొట్టేస్తుంది, అలా మార్చి మార్చి కొట్టేయగా చివర మిగిలినవాడే మధ్యవర్తి. నేను మిగిలాను. ఇది దేవుని ఏర్పాటు అని సభలోనే ప్రకటించాను.

"కాదన్నా," అంది హెప్సిబా టీచర్. "నీ పేరు వాళ్ళు కొట్టేస్తారని మేమనుకున్నాం. మేం కొట్టేస్తామని వాళ్ళనుకున్నారు."

తగాదా మెడపట్టీ గురించి. చంద్రుడి మీద గాలి పొదుపు. గదుల్లో పల్చటి గాలి మాత్రమే ఉంటుంది, మిగతాది మెడకు కట్టుకున్న పట్టీ ముక్కుకు అందిస్తుంది, ఎంత పీల్చామో లెక్కపెడుతుంది. మంచు తవ్వేవాళ్ళకు ఎర్ర పట్టీ, అంటే బరువు పని. గుమాస్తాలకు ఆకుపచ్చ పట్టీ, అంటే కూర్చుని చేసే పని. టీచర్లకూ ఆకుపచ్చదే. కారణం ఏమిటయ్యా అంటే, తరగతి గదిలో కుర్చీ ఉంది.

ఆ కుర్చీలో టీచరు కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

నేను గొట్టాలవాణ్ణి, బడి మొత్తం నా చెవిలోనే ఉంటుంది. మొదటి పీరియడ్‌లో హెప్సిబా గొంతు గంటలా మోగుతుంది. రెండో పీరియడ్‌లో బొంగురుపోతుంది. మూడో పీరియడ్‌లో మాట మాటకీ మధ్య ఈల లాంటి చప్పుడు. నాలుగో పీరియడ్‌లో సుద్దముక్క గీతలు తప్ప ఏమీ వినపడదు. ఆమె ఇప్పటికి రెండుసార్లు తరగతిలో స్పృహ తప్పింది. మూడోసారి పడితే "బోధనకు అనర్హురాలు" అని రాసి విత్తనాలు ఏరే గదికి పంపేస్తారు. అక్కడ మాట్లాడే పని లేదు. ఇరవై ఆరేళ్ళు మాట్లాడిన మనిషి.

మొదట మట్టిబొమ్మ ముక్కులో ఊపిరి ఊదినవాడు లెక్క చూసుకుని ఊదలేదు. ఇది అభిప్రాయం కాదు, రాసి ఉన్నదే.

రోజు 3, బుధవారం

ఇరుపక్షాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాను. టీచర్ల తరఫున లెక్కల ఖాజా మాస్టారు, హెప్సిబా. యాజమాన్యం తరఫున నిర్వాహకులు ఆలపాటి నిశాంత్ గారు. ఆయన మర్యాదస్థుడు. కాదు అనే మాట ఆయన నోట రాదు, "పరిశీలిద్దాం" అంటారు. ఆయన పరిశీలిస్తున్న వాటిలో మా తాత పెట్టిన అర్జీ కూడా ఉంది.

టీచర్లు ఎర్ర పట్టీ అడిగారు. నిశాంత్ గారు ఉపాధ్యాయ వృత్తి ఎంత పవిత్రమైనదో అరగంట చెప్పారు. వినడానికి బాగుంది. చివర "పొదుపైన బోధన" అనే చిన్న పుస్తకం తలా ఒకటి పంచారు. అందులోంచి కొన్ని ముక్కలు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, తర్వాత నేనే కల్పించానని అనకుండా ఉండాలి కదా. "బాగుంది" అనే మాటకు బదులు బొటనవేలు చూపవలెను. పొడవైన పేర్లుగల విద్యార్థులను సంఖ్యతో పిలువవలెను. "ఎందుకు" అని అడిగే విద్యార్థులకు జవాబు వారాంతమున రాతపూర్వకముగా ఇవ్వవలెను.

ఇటుకల మట్టిలో కలిపే గడ్డి ఇవ్వడం మానేసి ఇటుకల లెక్క మాత్రం తగ్గించని రాజొకడు గ్రంథంలో ఉన్నాడు. కానీ వాడు కూడా "పొదుపైన ఇటుకలు" అని పుస్తకం వేసి పంచలేదు.

వెళ్తూ వెళ్తూ నిశాంత్ గారు నన్ను పక్కకు పిలిచారు. స్థాపకుల ఒడంబడికలో నా ఆదివారాల గురించి ఒక అంశం ఉందని గుర్తు చేశారు. అది నాకూ తెలుసు. మొదటి తరం ప్రసంగి ఒకాయన వేదిక మీదే సొమ్మసిల్లి పడిపోతే, ఆనాటి పెద్దలు ఆదివారం వేదిక ఎక్కి మాట్లాడే మనిషికి మూడు గంటలపాటు ఎర్ర పట్టీ అని రాసిపెట్టారు. నేను ఆ మూడు గంటల్లో ఒక్క నిమిషం కూడా వృథా చేయను.

"దాని జోలికి మేం రాలేదు, రాదలచుకోలేదు," అన్నారాయన, నా భుజం మీద చెయ్యి వేసి. "మీరు మధ్యలోనే ఉన్నంత కాలం."

రోజు 6, శనివారం

టీచర్లు కొత్త పోరాటం మొదలుపెట్టారు. సమ్మె కాదు. సమ్మె చేయాలంటే నలభై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు పరిశీలనలో ఉంటుంది. అందుకని ఆ చిన్న పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నారు. నిన్న బడి గొట్టంలో దూరి చెవి పెట్టాను. సమాధిలోకి దూరినట్టుంది.

పిల్లలు మాత్రం తెగ మురిసిపోతున్నారు. అన్నం పెట్టనా అని తల్లి అడిగితే ఒక పిల్ల బొటనవేలు చూపిందట. ఎందుకు ఆలస్యమైందని ఇంకొకణ్ణి అడిగితే రాతపూర్వక జవాబు శనివారం ఇస్తానన్నాడట. నలభై మంది తల్లులు నిశాంత్ గారి గది ముందుకు వచ్చారు. అప్పటికి గానీ ఆయనకు ఈ తగాదా తర్వాతి మెట్టు ఎక్కాలని తోచలేదు. పక్క గుంట నుంచి తీర్పరిని పిలిపిస్తున్నారు. ఆమె మొదట బడి చూసి నిజానిజాలు తేలుస్తుంది. తర్వాత ఇరుపక్షాలూ చెరొక ఆఖరి ప్రతిపాదన సీలు వేసి ఇస్తారు. రెంటిలో ఏదో ఒకటి ఉన్నదున్నట్టుగా ఒప్పుకుంటుంది. సగం సగం చేయడం కుదరదు. ఒక బిడ్డను చెరిసగం చేయమన్న తీర్పు గ్రంథంలో ఒకటి ఉంది, అదీ బెదిరింపే.

నేను హెప్సిబాతో గట్టిగా చెప్పాను. తీర్పరి వచ్చిన రోజున రోజూ ఎలా చెబుతారో అలాగే చెప్పండి, ఆయాసం వస్తే రానివ్వండి, దాచొద్దు అన్నాను.

"దాచుకోవడానికి ఏం మిగిలిందన్నా," అంది.

రోజు 10, బుధవారం

ఈ రోజు రాయడానికి చేయి రావడం లేదు.

తీర్పరి అరుంధతి గారు వచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి, నవ్వు లేదు, చేతిలో నోటుపుస్తకం. ఒకప్పుడు మంచు తవ్విన మనిషేనట, ఎడం చేతికి రెండు వేళ్ళు లేవు. మూడో పీరియడ్‌కి హెప్సిబా తరగతికి తీసుకెళ్ళాను.

గది గుమ్మంలోనే ఆగిపోయాను. బోర్డు అద్దంలా మెరుస్తోంది. పిల్లల తలలకు నూనె, పాపిడి. గోడల నిండా కొత్త బొమ్మలు. హెప్సిబా పెళ్ళికి కట్టుకునే చీర కట్టుకుంది. తీర్పరి అడుగు పెట్టగానే ముప్ఫై ఎనిమిది మంది ఒక్కసారి లేచి "నమస్కారమండీ" అని పాడారు. హెప్సిబా ఒక్క వేలు ఎత్తింది. మొదటి ప్రశ్న వాళ్ళే వేసుకున్నారు, జవాబు వాళ్ళే చెప్పారు, అందరూ ఒకే గొంతుతో. రెండో వేలు ఎత్తితే పద్యం. మూడో వేలుకు ఎక్కాలు. పీరియడ్ మొత్తంలో ఆమె పదకొండు మాటలు మాట్లాడింది, నేను లెక్కపెట్టాను. పక్క గదిలో ఖాజా మాస్టారు రెండు రోజులుగా పిల్లలకు జవాబులు వల్లె వేయించారట. ఆయన తొమ్మిది మాటలతో సరిపెట్టారు.

పట్టీల లెక్క తీశారు. గుమాస్తాల కంటే తక్కువ గాలి పీల్చారు.

తీర్పరి పుస్తకంలో రాసుకున్నది పైకి చదివారు. "ఆదర్శ పాఠశాల. ఇస్తున్న గాలి సరిపోతోంది, కొంత మిగులుతోంది." నిశాంత్ గారు అప్పటికప్పుడు టీచర్లందరికీ ప్రశంసాపత్రాలు ఇప్పించారు. వాళ్ళు పుచ్చుకున్నారు. ఆ క్షణంలో వాళ్ళ ముఖాలు చూడాలి, వెలిగిపోతున్నాయి. నడవలోకి వచ్చాక, చేతిలో కాగితం చదువుకున్నాక ఆ వెలుగు ఆరిపోయింది.

నాకు నిప్పంటుకుంది. ఆ నడవలోనే మొదలుపెట్టాను. ఇస్తానన్న దేశం సరిహద్దుదాకా వచ్చి వెనక్కి తగ్గి, నలభై ఏళ్ళు అడవిలో తిరిగినవాళ్ళ గురించి చెప్పాను, పప్పు కూటి కోసం పెద్దరికం వదులుకున్నవాడి గురించి చెప్పాను, ఇంకా చెప్పేవాణ్ణే. ఖాజా మాస్టారు చేయి ఎత్తి ఆపారు.

"భాయ్, ముప్ఫై ఏళ్ళ అలవాటు," అన్నారు. "పై నుంచి ఎవరో వస్తున్నారంటే బడి దానంతటదే శుభ్రమైపోతుంది. మా నాన్నా మాస్టారే. చూడ్డానికి వచ్చినవాళ్ళకి మా ఇంట్లో ఎప్పుడూ లోటు కనిపించలేదు."

హెప్సిబా గోడకు ఆనుకుని ఉంది. "మొన్న నీకు మాటిచ్చాను కదన్నా. పొద్దున్న లేచి చూస్తే బోర్డు తుడుస్తున్నాను. పిల్లల చేత తప్పు చెప్పించడం నాకు చేతకాదు."

అంటూనే చెయ్యి గుండె మీద పెట్టుకుంది. పదకొండు మాటల పాఠానికి కూడా ఆయాసం.

రోజు 14, ఆదివారం

మూడు గంటలు ప్రసంగించాను. ఎండిపోయిన ఎముకల లోయ మీద. వాటిలోకి ఊపిరి వచ్చిందన్న చోట నా గొంతు కప్పును తాకింది. గుడి గోడలు అదిరాయి.

ముగిశాక హెప్సిబా ఎప్పటిలాగే నా తప్పులు చెప్పడానికి వచ్చింది. ఎముకలు లేచేటప్పటికే వెనక మూడు బల్లలు నిద్రపోయాయంది. రెండో గంటలో ఒక్క కొత్త మాట లేదంది. ఇది ఆమె ప్రతి వారమూ అంటుంది, నేను ప్రతి వారమూ క్షమిస్తాను. ఈసారి మాత్రం నా మెడలో ఎర్ర పట్టీ ఇంకా అలాగే ఉంది. ఆమె ఆ నాలుగు మాటలు అనడానికి మూడుసార్లు ఆగింది. ఆ ఆగిన చోట్లు నాకు ప్రసంగం కంటే గట్టిగా వినిపించాయి.

రోజు 18, గురువారం

ఆఖరి ప్రతిపాదనలు సీలు వేసి అందాయి. నియమం ప్రకారం నేను విప్పి చదివి దినచర్యలో ఎక్కించాలి.

టీచర్లది ఒకటే వాక్యం. మూడో పీరియడ్ మొదలు సాయంత్రం బడి వదిలేదాకా ఎర్ర పట్టీ.

యాజమాన్యానిది నాలుగు పేజీలు. ఆకుపచ్చ పట్టీ యథాతథం. కుర్చీలకు మెత్తలు. ఏటా ఒక రోజు "గాలి వందనం" సభ, ఆ సభలో ప్రతి ఉపాధ్యాయునికీ పూలదండతో పాటు మూడు నిండు ఊపిరులు బహూకరణ.

మూడు. విడిగా రాస్తున్నాను, చదివేవాళ్ళు పొరపాటు పడకుండా.

విచారణ ఈ ఆదివారం. అందరూ పట్టే చోటు గుడి ఒక్కటే కాబట్టి ఆరాధన తర్వాత అక్కడే. బడి గురించి తన నోటుపుస్తకంలో రాసుకున్నది అలాగే ఉంటుందని, దాన్ని మార్చాలంటే మాటలు చాలవని తీర్పరి ముందే కబురు పంపారు. మూడోసారి పడేదాకా ఆగకుండా హెప్సిబా బడిలో తన సామాను సర్దుకుంటోందని ఎవరో చెప్పారు. వెళ్ళాను. ఒక పెట్టెలో సుద్దముక్కలు, పిల్లలు గీసిన బొమ్మలు.

ఆదివారం వేదిక మీద నిలబడేది ఎవరో చెప్పే అధికారం నాది. నాకు గొంతు పోయిన వారాల్లో ఇంకొకరిని నిలబెట్టిన సందర్భాలున్నాయి. ఆ అంశం ఒడంబడికలో మళ్ళీ చదివాను. వేదిక ఎక్కి మాట్లాడే మనిషికి, అని ఉంది. ప్రసంగికి, అని లేదు. నిశాంత్ గారు నా భుజం మీద వేసిన చెయ్యి గుర్తొచ్చింది. ఈ వేదిక పోతే నేను గొట్టాలు తుడిచేవాణ్ణి, అంతే.

మోకాళ్ళ మీద పడ్డాను. జవాబు రాలేదు. బహుశా వారాంతంలో రాతపూర్వకంగా వస్తుంది.

రోజు 21, ఆదివారం

గుడి కిక్కిరిసిపోయింది. నేను వేదిక ఎక్కి, గ్రంథం తెరిచి, మూశాను. ఈ రోజు ప్రసంగం నాది కాదని, హెప్సిబా టీచర్‌దని చెప్పి, నా మెడలోని ఎర్ర పట్టీ తీసి ఆమె మెడకు కట్టాను. ఆమె ఆకుపచ్చ పట్టీ నేను కట్టుకుని ముందు బల్ల మీద, పిల్లల పక్కన కూర్చున్నాను.

నిశాంత్ గారు లేచారు. మధ్యవర్తి ఒక పక్షం తీసుకున్నాడన్నారు. తీర్పరి అరుంధతి గారు ఒడంబడిక తెప్పించుకుని చదివి, ఇది యాజమాన్యం సంతకం పెట్టిన కాగితమే కదా, కూర్చోండి అన్నారు.

హెప్సిబా అభ్యర్థన చేయలేదు. మూడో పీరియడ్ పాఠం మొదలుపెట్టింది. ఆ రోజు పాఠం వాన.

వాన ఎరగని పిల్లలకు వాన చెప్పాలి. మొదట వేలి చివరలతో బల్ల మీద తట్టింది, ఒక చినుకు, ఇంకొకటి. తర్వాత పెదవులతో. తర్వాత గొంతుతో. గాలి లేచింది, రేకుల మీద చినుకులు దడదడలాడాయి, ఎక్కడో తలుపు కొట్టుకుంది, ఎవరో ఆరేసిన బట్టల కోసం పరుగెత్తారు. ఉరుము దగ్గర పిల్లలు ఒకరినొకరు పట్టుకున్నారు. భూమి మీద పుట్టిన ముసలివాళ్ళు తల వంచుకున్నారు. నేను ఆమె పాఠాలన్నీ గొట్టాల్లోంచి విన్నాను గానీ ఆమె పూర్తి గొంతు ఎప్పుడూ వినలేదు. మొదటి పీరియడ్‌లో విన్నది సగమే.

పిల్లలు ఎందుకని అడిగారు. నీళ్ళు పైకెందుకు పోతాయి, పోయినవి ఎందుకు దిగుతాయి, ఇక్కడికెందుకు రావు. ఒక్కొక్కరికీ జవాబు చెప్పింది, పేరు పెట్టి పిలిచి. వెనక నుంచి తీర్పరి గారు, మెరుపు ముందా ఉరుము ముందా అని అడిగారు.

"చెయ్యి ఎత్తి అడగాలమ్మా," అంది హెప్సిబా.

తీర్పరి మూడు వేళ్ళ చెయ్యి ఎత్తారు.

నలభై నిమిషాలు. చివర పాట పాడించింది, నేనూ గొంతు కలిపాను. ఆకుపచ్చ పట్టీతో. రెండో చరణం దగ్గర కళ్ళ ముందు చుక్కలు. నోరు మూసుకుని కూర్చున్నాను. పక్కనున్న పిల్ల జాలిపడి నా వీపు నిమిరింది.

పట్టీ లెక్క చూశారు. మంచు మీద గునపం వేసినవాడు అంతసేపట్లో ఎంత పీలుస్తాడో అంత. ఒక ఊపిరి ఎక్కువే.

నిశాంత్ గారు మళ్ళీ లేచారు. ఎర్ర పట్టీ కడితే ఎవరైనా ఎక్కువే పీలుస్తారు, ఇది పట్టీ గొప్ప గానీ పని గొప్ప కాదన్నారు. ఆ మాటలో న్యాయం ఉందని నాకే భయం వేసింది. తీర్పరి కూడా తల ఊపారు. అయితే పరీక్షిద్దాం రండి అని, హెప్సిబా మెడలోంచి తీసిన పట్టీ ఆయన మెడకు కట్టి, లెక్క సున్నాకు తిప్పారు.

"పది నిమిషాలు ఆ కుర్చీలో కూర్చోండి," అన్నారు. "కూర్చుని చేసే పని ఎంతో తేలిపోతుంది."

ఆయన కూర్చున్నారు. అర నిమిషం కూర్చున్నారు. తర్వాత, ఈలోగా ఒక్క మాట అని మొదలుపెట్టారు. మాట్లాడటం అసలు శ్రమే కాదని, తానూ రోజంతా సమావేశాల్లో మాట్లాడతానని, ఎన్నడూ అలసిపోలేదని, బోధన అంటే త్యాగమని, త్యాగానికి కొలతలుండవని. లేచి నిలబడ్డారు. చేతులు ఊపారు. వెనక బల్లలవాళ్ళు వినపడటం లేదంటే గొంతు పెంచారు. నేను మూడు గంటలు ప్రసంగించేవాణ్ణి, మంచి పట్టు మీదున్నవాణ్ణి చూస్తే గుర్తుపడతాను. పూర్వం ఒక ప్రవక్తను దారిలో ఆపి నిజం చెప్పిన గాడిద కూడా ఇంత స్పష్టంగా చెప్పి ఉండదు.

పది నిమిషాలయ్యాక తీర్పరి ఆయన పట్టీ తిప్పి చూశారు. చూపించారు. బరువు పని.

"మీ అంత బాగా వాళ్ళు చెప్పుకోలేకపోయారు," అన్నారు అరుంధతి గారు. పుస్తకంలో పాత పేజీ చింపి, టీచర్ల వాక్యం కింద సంతకం పెట్టారు.

రోజు 22, సోమవారం

నిర్వాహకుల ఉత్తర్వు. తీర్పును గౌరవిస్తూ టీచర్లకు నేటి నుంచి ఎర్ర పట్టీ. అందుకు కావలసిన గాలి ఎక్కడి నుంచి తేవాలని పరిశీలించగా, అందులో కొంత ఆదివారపు వేదిక వద్ద దొరికింది. ఇకపై వేదిక ఎక్కేవారికి ఎర్ర పట్టీ పన్నెండు నిమిషాలు.

దీని మీద నా అభిప్రాయం నాలుగు పేజీలు రాసి చింపేశాను. పదకొండో పేజీ నియమం మొదటిసారి పనికొచ్చింది.

రోజు 28, ఆదివారం

పన్నెండు నిమిషాలు ప్రసంగించాను. ఎవరూ నిద్రపోలేదు, టైము చాల్లేదు. పోయిన నెల కంటే రెండు బల్లలు ఎక్కువ నిండాయి. దీన్ని నేను దైవకార్యంగానే భావిస్తున్నాను, ఇతర కారణాలు వెతకదలచుకోలేదు.

హెప్సిబా తప్పులు చెప్పడానికి వచ్చింది. ఒక్కటీ చెప్పకుండా నిలబడింది. ఏమైందమ్మా అన్నాను.

"ఏం లేదన్నా. ఈసారి ప్రసంగం అర్థమైంది."

రోజు 29, సోమవారం

మధ్యవర్తిగా ఇదే ఆఖరి పుట. పొద్దున్న బడి వైపు గొట్టంలోకి దూరాను. మూడో పీరియడ్ గంట కొట్టారు. బ్రష్షు ఆపి చెవి పెట్టాను. ఎవడో ఎందుకని అడిగాడు. ఆమె జవాబు చెబుతోంది, ఎక్కడా ఆగకుండా. నాలుగో పీరియడ్ గంట కూడా కొట్టారు. నేనింకా అక్కడే ఉన్నాను. ఆ గొట్టం ఈ రోజు సరిగా శుభ్రం కాలేదని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.